నెలలు నిండని బిడ్డ ఒంట్లో ఏ రక్షణ ఉంటుంది, ఏది ఉండదు

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను చూడ్డానికి ఎన్‌ఐసీయూలోకి (పసిబిడ్డల ఇంటెన్సివ్ కేర్ వార్డులోకి) వెళ్లాలంటే ముందు ఉంగరాలు, గాజులు తీసి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. “బిడ్డకు ఇంకా ఇమ్యూనిటీ లేదండీ” అంటుంది నర్సు. ఎనిమిది వారాలు గడుస్తాయి. రెండు కిలోలు ఉందో లేదో తెలియని అదే బిడ్డకు, నెలలు నిండి పుట్టిన బిడ్డతో సమానంగా, డోసు ఒక్క చుక్క కూడా తగ్గించకుండా టీకా వేస్తారు. టీకా పనిచేయాలంటే ఒంట్లో నేర్చుకునే వ్యవస్థ ఒకటి ఉండాలి కదా. ఇమ్యూనిటీయే లేకపోతే ఆ టీకా ఎవరికి పాఠం చెబుతున్నట్టు?

ఈ ప్రశ్న చాలామంది తల్లిదండ్రులకు వస్తుంది, అడగడానికి మొహమాటపడతారు. గర్భిణులకు ఆర్‌ఎస్‌వీ (పసిపిల్లల ఊపిరితిత్తులకు సోకే ఒక వైరస్) టీకా, పుట్టిన బిడ్డకు నేరుగా ఇచ్చే యాంటీబాడీ ఇంజెక్షన్ వార్తల్లోకి వచ్చాక గందరగోళం ఇంకాస్త పెరిగింది. నర్సు మాటా తప్పు కాదు, టీకా వేయడమూ తప్పు కాదు. ‘ఇమ్యూనిటీ’ అనే ఒక్క మాట కింద మనం కలిపేసే పనులు చాలా ఉన్నాయి. వాటిని విడదీసి చూస్తే రెండూ ఎలా నిజమో తెలుస్తుంది.

ముందు వారాల లెక్క

ఇంట్లో నెలల్లో లెక్కపెడతాం, ఆస్పత్రిలో వారాల్లో లెక్కపెడతారు. తల్లికి చివరిసారి నెలసరి వచ్చిన మొదటి రోజు నుంచి లెక్క మొదలవుతుంది. 37 వారాలు పూర్తయ్యాక పుడితే నెలలు నిండినట్టు. అంతకు ముందు పుడితే ప్రీటర్మ్. 28 వారాల లోపు పుట్టినవాళ్లు మరీ ముందుగా పుట్టినవాళ్ల కింద లెక్క. 2020లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 1.34 కోట్ల మంది బిడ్డలు నెలలు నిండకుండా పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే పదిమందిలో ఒకరు.

‘ప్రీటర్మ్’ అనే ఒక్క పేరు పెట్టినంత మాత్రాన వీళ్లంతా ఒకటి కాదు. 36 వారాల బిడ్డకూ 25 వారాల బిడ్డకూ మధ్య ఉన్న దూరం, 36 వారాల బిడ్డకూ నిండు నెలల బిడ్డకూ మధ్య ఉన్న దూరం కన్నా చాలా ఎక్కువ. ఇకపై ఈ వ్యాసంలో ఇద్దరు బిడ్డలను పక్కపక్కన పెట్టుకుందాం. ఒకరు 39 వారాలకు పుట్టారు, ఇంకొకరు 28 వారాలకు.

ఒక్క మాట, నాలుగు పనులు

మొదటిది అడ్డుగోడ. చర్మం, పేగు లోపలి పొర, శ్వాసనాళాల పొర. క్రిమిని అసలు లోపలికి రానివ్వకపోవడమే వీటి పని. రెండోది పుట్టుకతోనే ఉండే తక్షణ స్పందన. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు, రక్తంలో తిరిగే కాంప్లిమెంట్ ప్రొటీన్లు ఈ కోవలోకి వస్తాయి. వచ్చింది ఏ క్రిమి అని పేరు అడక్కుండానే ఇవి పనిలోకి దిగుతాయి. మూడోది నేర్చుకునే రక్షణ. టీ కణాలు, బీ కణాలు ఒక క్రిమిని ఒకసారి చూసి గుర్తుపెట్టుకుంటాయి, మళ్లీ వస్తే త్వరగా స్పందిస్తాయి. టీకా పాఠం చెప్పేది వీటికే.

నాలుగోది పెద్దవాళ్లలో ఉండదు, పసిబిడ్డలో మాత్రమే ఉంటుంది. అది అరువు రక్షణ. తల్లి ఒంట్లో తయారైన యాంటీబాడీలు బిడ్డ రక్తంలోకి వచ్చి కొన్ని నెలలు కాపలా కాస్తాయి. 28 వారాల బిడ్డకూ 39 వారాల బిడ్డకూ ఉన్న తేడాలో పెద్ద భాగం ఈ నాలుగోదానిలోనూ, మొదటిదైన అడ్డుగోడలోనూ ఉంది. అందరూ అనుకునే మూడోదానిలో తేడా ఉన్నా, ఊహించినంత కాదు.

కడుపులో ఉన్నప్పుడు ఊరుకోవడమే పని

1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మెడవార్ ఒక ప్రశ్న వేశాడు. కడుపులోని బిడ్డలో సగం తండ్రి జన్యువులు. తల్లి శరీరానికి అవి పరాయివి. పరాయి కిడ్నీని పెడితే తిప్పికొట్టే శరీరం, పరాయి బిడ్డను తొమ్మిది నెలలు ఎలా మోస్తోంది? అదే ఏడాది మెడవార్, రూపర్ట్ బిల్లింగ్‌హామ్, లెస్లీ బ్రెంట్ కలిసి ఇంకో సంగతి చూపించారు. ఎలుక ఇంకా తల్లి కడుపులో ఉండగానే వేరే ఎలుక కణాలు ఎక్కిస్తే, పెద్దయ్యాక అది ఆ రెండో ఎలుక చర్మాన్ని అతికించినా తిరస్కరించలేదు. దీన్ని సహనం అన్నారు. ఈ కోవ పరిశోధనకే 1960లో మెడవార్‌కు ఫ్రాంక్ మెక్‌ఫార్లేన్ బర్నెట్‌తో కలిపి నోబెల్ వచ్చింది.

ప్రశ్నను తిరగేసి చూడండి. తల్లి బిడ్డను భరించడం ఒక సగం. బిడ్డ తల్లిని భరించడం ఇంకో సగం. తల్లి కణాలు కొన్ని మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డ ఒంట్లోకి వెళ్తూనే ఉంటాయి. బిడ్డ టీ కణాలు వాటిని శత్రువులనుకుని విరుచుకుపడితే కాన్పు దాకా వచ్చేదే ఉండదు. 2008లో వెలువడిన ఒక పరిశోధన, గర్భస్థ శిశువు లింఫ్ గ్రంథుల్లో తల్లి కణాలున్నాయనీ, వాటిమీద దాడి జరగకుండా అడ్డుకునే నియంత్రణ టీ కణాలు దండిగా తయారవుతున్నాయనీ చూపించింది. 2010లో అదే బృందం ఇంకో మెట్టు ఎక్కింది. గర్భంలో టీ కణాలను పుట్టించే మూలకణాలూ, పెద్దవాళ్ల ఎముక మజ్జలో ఉండే మూలకణాలూ వేరువేరు జాతులట. మొదటివి సహనం వైపు మొగ్గే కణాలను ఎక్కువగా పుట్టిస్తాయి.

అంటే కడుపులోని బిడ్డది చేతగానితనం కాదు. నిగ్రహం. పసిబిడ్డ రక్షణ వ్యవస్థను ‘సగం కట్టిన ఇల్లు’ అని వర్ణించడం నాకు ఎప్పుడూ నచ్చదు, ఇందుకే. కట్టినంత వరకు అది పూర్తి ఇల్లే, వేరే అవసరానికి కట్టినది. చిక్కంతా ఎక్కడొస్తుందంటే, 28 వారాల బిడ్డ ఆ ‘ఊరుకో’ అనే స్వభావంతోనే సూదులు, గొట్టాలు, లెక్కలేనన్ని బ్యాక్టీరియా ఉన్న ప్రపంచంలోకి వచ్చేస్తుంది.

మాయ దాటించే అరువు

తల్లి రక్షణ బిడ్డకు చేరుతుందని 1892లోనే పాల్ ఎర్లిక్ ఎలుకలతో నిరూపించాడు. విషానికి తట్టుకునేలా చేసిన తల్లి ఎలుకల పిల్లలనూ, మామూలు తల్లుల పిల్లలనూ అటూ ఇటూ మార్చి పాలు తాగించి, ఏది గర్భం నుంచి వస్తోంది, ఏది పాల నుంచి వస్తోందో విడదీసి చూశాడు.

మనిషిలో ఈ పని ప్రధానంగా మాయ చేస్తుంది. యాంటీబాడీల్లో ఐజీజీ అనే రకం మాత్రమే మాయను దాటుతుంది. ఐజీఎమ్, ఐజీఏ దాటవు. ఐజీజీ కూడా ఊరికే కారిపోదు. మాయ పైపొరలో ఎఫ్‌సీఆర్‌ఎన్ అనే గ్రాహకం ఉంటుంది. అది ఒక్కో ఐజీజీని పట్టుకుని, కణం లోపలి నుంచి మోసుకెళ్లి, బిడ్డ వైపు దించుతుంది. పడవవాడు రేవు దాటించినట్టే.

ఈ పడవ దాదాపు 13వ వారంలో మొదలవుతుంది, కానీ చాలా నెమ్మదిగా. 17 నుంచి 22 వారాల మధ్య బిడ్డ రక్తంలోని ఐజీజీ తల్లిదాంట్లో 5 నుంచి 10 శాతమే. 28 నుంచి 32 వారాల నాటికి సగానికి చేరుతుంది. అసలు రద్దీ చివరి నెలన్నరలోనే. నిండు నెలలకు వచ్చేసరికి బిడ్డ రక్తంలో తల్లి రక్తంలో కన్నా ఎక్కువే ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం

తల్లి రక్తంలో ఐజీజీ 100 పాళ్లు ఉందనుకుందాం. 39 వారాల బిడ్డకు 120 పాళ్లు, 28 వారాల బిడ్డకు 40 పాళ్లు వచ్చాయనుకుందాం. ఏదో ఒక జబ్బును ఆపడానికి కనీసం 20 పాళ్లు కావాలనుకుందాం. ఈ అంకెలు లెక్క సులువు కావడానికి తీసుకున్నవి. ఐజీజీ సగానికి తగ్గడానికి పట్టే కాలం మాత్రం వాస్తవమే, సుమారు 21 రోజులు.

నిండు నెలల బిడ్డలో 120 పాళ్లు మూడు వారాలకు 60, ఆరు వారాలకు 30, తొమ్మిది వారాలకు 15 అవుతాయి. ఎనిమిదో వారం దగ్గర్లో 20 కిందికి దిగుతుంది. 28 వారాల బిడ్డలో 40 పాళ్లు మూడు వారాలకే 20కి పడిపోతాయి. ఒకరికి దాదాపు రెండు నెలల కాపలా, ఇంకొకరికి మూడు వారాలు.

ఇంకొంచెం ముందుకు వెళ్దాం. ఈ చిన్న బిడ్డ 40 వారాలకు పుట్టాల్సింది, 12 వారాలు ముందే పుట్టింది. 12 వారాలంటే నాలుగు సార్లు సగానికి తగ్గడం. 40, 20, 10, 5, చివరికి రెండున్నర. అన్నీ సవ్యంగా జరిగి ఉంటే ఏ రోజున 120 పాళ్లతో పుట్టేదో, సరిగ్గా ఆ రోజుకు అమ్మ ఇచ్చినదాంట్లో రెండున్నర పాళ్లు మిగిలాయి. ఈలోగా బిడ్డ సొంతంగా ఐజీజీ తయారుచేయడం మొదలుపెడుతుంది కాబట్టి మొత్తం అంత అడుగంటిపోదు. కానీ ఆ తయారీ మెల్లగా సాగుతుంది. నిండు నెలల పిల్లల్లో కూడా మూడు నుంచి ఆరు నెలల వయసులో ఐజీజీ బాగా తగ్గి, తర్వాత మళ్లీ పెరుగుతుంది. నెలలు నిండని బిడ్డలో ఆ పల్లం ఇంకా ముందే వస్తుంది, ఇంకా లోతుగా ఉంటుంది.

తల్లికి లేనిది బిడ్డకు రాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. తల్లికి ఒక జబ్బు మీద యాంటీబాడీలు లేకపోతే, 41 వారాలు మోసినా ఆ ఖాతాలో పడేది సున్నా.

ముర్రుపాల పని వేరు

ముర్రుపాలలోని యాంటీబాడీలు బిడ్డ రక్తంలో కలుస్తాయని చాలామంది నమ్ముతారు. దూడల్లో నిజంగా అలాగే జరుగుతుంది. ఆవు మాయ యాంటీబాడీలను దాటనివ్వదు కాబట్టి దూడ పుట్టిన మొదటి రోజులోనే ముర్రుపాల నుంచి వాటిని పేగుల గుండా రక్తంలోకి తీసుకోవాలి. మనిషి బిడ్డ సంగతి అది కాదు. తల్లిపాలలో ఎక్కువగా ఉండేది స్రావక ఐజీఏ. అది పేగులోనే ఉండిపోయి, క్రిములు పేగు గోడకు అంటుకోకుండా చూస్తుంది. పాలలోనే క్రిములను ఎదిరించే లాక్టోఫెరిన్, లైసోజైమ్ అనే ప్రొటీన్లుంటాయి, తెల్లకణాలుంటాయి. బిడ్డ అరిగించుకోలేని ప్రత్యేకమైన చక్కెరలూ ఉంటాయి. అవి బిడ్డ కోసం కాదు, పేగులో పెరగాల్సిన బిఫిడో బ్యాక్టీరియాకు మేత.

నెలలు నిండకుండా కన్న తల్లి మొదటి పాలలో ఐజీఏ సాంద్రత మామూలు కన్నా ఎక్కువగా ఉంటుందని కనిపెట్టారు. మాయ చేయలేకపోయిన పని పాలు పూర్తిగా భర్తీ చేయలేవు. రక్తానికి కావాల్సింది వేరు, పేగుకు కావాల్సింది వేరు. అయినా పేగు విషయంలో ఈ చిన్న బిడ్డలకు తల్లిపాలు ఎంత ముఖ్యమో కాసేపట్లో చూద్దాం.

వెన్నపూసలాంటి తెల్లటి పూత

నిండు నెలలకు పుట్టిన బిడ్డను అప్పుడే ఎత్తుకుంటే చంకల్లో, గజ్జల్లో, చెవుల వెనక తెల్లగా, వెన్నలా జిడ్డుగా ఒక పూత కనిపిస్తుంది. మురికి అనుకుని తుడిచేయాలనిపిస్తుంది. అందులో నీరు, కొవ్వులు, బ్యాక్టీరియాను చంపే చిన్న ప్రొటీన్లు ఉంటాయి. ఇది చివరి మూడు నెలల్లో పట్టే పూత కాబట్టి మరీ ముందుగా పుట్టిన బిడ్డల ఒంటి మీద దాదాపు ఉండదు.

దాని కింద చర్మం చూడండి. 25 వారాల బిడ్డ చర్మం ఎర్రగా, నిగనిగలాడుతూ, రక్తనాళాలు కనిపించేంత పలచగా ఉంటుంది. టేపు అంటించి లాగితే ఊడివస్తుంది. పైన ఉండాల్సిన గట్టి పొర 34 వారాల నాటికి గానీ పని చేసే స్థాయికి రాదు. ఆ పలచటి చర్మం గుండానే సెలైన్ సూదులు, బొడ్డులోంచి గొట్టాలు వేయక తప్పదు. పుట్టిన మూడు రోజుల తర్వాత వచ్చే సెప్సిస్‌లో (ఇన్‌ఫెక్షన్ రక్తానికి పాకి ఒళ్లంతటికీ ముప్పు తెచ్చే స్థితిలో) తరచుగా దొరికేది మన చర్మం మీద మామూలుగా బతికే స్టెఫిలోకాకస్ జాతి బ్యాక్టీరియా. పెద్దవాళ్లకు అది ఏమీ చేయదు. మోచేతుల దాకా కడుక్కోమని నర్సు పట్టుబట్టేది ఇందుకే.

ఒకే బ్యాక్టీరియా, ఇద్దరు బిడ్డలు

గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా ప్రపంచంలో సుమారు ఐదుగురు గర్భిణుల్లో ఒకరి ఒంట్లో ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉంటుంది. కాన్పు సమయంలో బిడ్డకు అంటుకోవచ్చు. కాన్పులో యాంటీబయాటిక్ ఇవ్వకపోతే అలాంటి తల్లుల బిడ్డల్లో సుమారు సగం మందికి అది చేరుతుంది. మొదటి వారంలో జబ్బు పడేది మాత్రం ఆ తల్లుల బిడ్డల్లో నూటికి ఒకరిద్దరే. తక్కినవాళ్లంతా ఎలా తప్పించుకున్నారు? పసిబిడ్డకు ఇమ్యూనిటీయే లేదంటే ఈ అంకెకు అర్థం చెప్పలేం.

39 వారాల బిడ్డను తీసుకుందాం. బ్యాక్టీరియా చుట్టూ చక్కెరతో చేసిన జారుడు తొడుగు ఉంటుంది. తెల్లకణానికి అది పట్టు చిక్కనివ్వదు. తల్లి ఐజీజీ ఆ తొడుగుకు అతుక్కుంటే కాంప్లిమెంట్ ప్రొటీన్లు వచ్చి చేరతాయి, న్యూట్రోఫిల్‌కు పిడి దొరుకుతుంది, మింగేస్తుంది. ఈ బ్యాక్టీరియాలోని మూడో రకం మీద తల్లికి యాంటీబాడీలు తక్కువగా ఉన్నప్పుడే బిడ్డలు ఎక్కువగా జబ్బు పడుతున్నారని 1976లో కెరోల్ బేకర్, డెన్నిస్ కాస్పర్ చూపించారు.

ఇప్పుడు 28 వారాల బిడ్డ. ఐజీజీ తక్కువ. నిండు నెలల బిడ్డలోనే కాంప్లిమెంట్ ప్రొటీన్లు పెద్దవాళ్ల కన్నా తక్కువ, ఈ బిడ్డలో ఇంకా తక్కువ. న్యూట్రోఫిల్స్ రక్తనాళం గోడకు అతుక్కుని బయటికి జారి క్రిమి ఉన్న చోటికి పరుగెత్తాలి. ఈ బిడ్డ కణాలు అక్కడే తడబడతాయి. ఎముక మజ్జలో నిల్వ కూడా కొద్దిగానే ఉంటుంది. గట్టి ఇన్‌ఫెక్షన్ వస్తే ఉన్నది ఖర్చయిపోయి రక్త పరీక్షలో తెల్లకణాలు పెరగాల్సింది పోయి పడిపోతాయి. జ్వరం కూడా రాకపోవచ్చు, ఒళ్లు చల్లబడవచ్చు. పాలు సరిగ్గా తాగకపోవడం, ఊపిరి మధ్యలో ఆగడం, మందకొడిగా ఉండటం, ఇవే గుర్తులు. డాక్టర్లు ఇంత చిన్న అనుమానానికే రక్త పరీక్షకు పంపేది ఇందుకు.

లేనిది బయట నుంచి పోస్తే?

ఇంతవరకు చదివినవారికి ఒక ఆలోచన తప్పకుండా వచ్చి ఉంటుంది. ఐజీజీ తక్కువైతే ఐజీజీ ఎక్కించవచ్చు కదా? న్యూట్రోఫిల్స్ తక్కువైతే వాటిని పెంచే మందు ఇవ్వవచ్చు కదా? పరిశోధకులూ అలాగే అనుకున్నారు, ఎంతో శ్రమపడి పరీక్షించారు.

2011లో వెలువడిన ఐఎన్‌ఐఎస్ పరీక్షలో 9 దేశాల్లో సెప్సిస్ ఉన్న, లేదా ఉందని అనుమానించిన 3,493 మంది పసిబిడ్డలకు ఐజీజీ గానీ ఉత్తుత్తి మందు గానీ ఎక్కించారు. రెండేళ్ల వయసు నాటికి మరణాల్లో, తీవ్ర వైకల్యాల్లో తేడా లేదు. అంతకు ముందు 2009లో, న్యూట్రోఫిల్స్‌ను పెంచే జీఎమ్-సీఎస్‌ఎఫ్ మందును 280 మంది చిన్న బిడ్డల్లో పరీక్షించారు. కణాల సంఖ్య పెరిగింది. సెప్సిస్ తగ్గలేదు. 2019లో ఎల్ఫిన్ పరీక్షలో 2,203 మందిలో సగం మందికి పాలలో ఆవు లాక్టోఫెరిన్ కలిపి ఇచ్చారు. ఇన్‌ఫెక్షన్లు చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

ఎందుకిలా అన్నదానికి ఒక వివరణ, ఎక్కించిన ఐజీజీ ఎవరెవరి రక్తం నుంచో కలిపి తీసినది కాబట్టి ఆ ఆస్పత్రిలోని క్రిమికి సరిపడే యాంటీబాడీలు అందులో తగినన్ని ఉండకపోవచ్చని. ఇంకో వివరణ, ఒక్క లోటు తీర్చినంత మాత్రాన చాలదని. యాంటీబాడీ ఉన్నా కాంప్లిమెంట్ లేకపోతే, కాంప్లిమెంట్ ఉన్నా న్యూట్రోఫిల్ చేరలేకపోతే పని జరగదు. నాకు రెండో వివరణే బలంగా తోస్తుంది. ఎందుకంటే మూడు వేర్వేరు లోట్లను తీర్చబోయినా ఫలితం ఒకే తీరుగా వచ్చింది.

దీనికి పూర్తి భిన్నంగా, సాదాసీదా పని ఒకటి ఫలించింది. ఘనా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియాల్లో 3,211 మంది చిన్న బిడ్డల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. పుట్టిన వెంటనే తల్లి ఛాతీకి చర్మం చర్మం తగిలేలా అంటిపెట్టి ఉంచిన బిడ్డల్లో మొదటి 28 రోజుల్లో మరణాలు 12 శాతం. బిడ్డ స్థిమితపడే దాకా ఆగి ఆ పని మొదలుపెట్టిన వారిలో 15.7 శాతం. సెప్సిస్ అనుమానాలు కూడా తగ్గాయి. బిడ్డకు ఆస్పత్రి బ్యాక్టీరియాకు బదులు తల్లి ఒంటి బ్యాక్టీరియా ముందుగా అంటడం ఇందుకు ఒక కారణం కావచ్చని పరిశోధకుల ఆలోచన.

తక్కువైతే ఒక ముప్పు, ఎక్కువైతే ఇంకో ముప్పు

‘బలహీనమైన ఇమ్యూనిటీ’ అనే మాటకు లొంగని జబ్బు ఒకటుంది. దాని పేరు నెక్. పేగు వాచి, కొన్ని చోట్ల కుళ్లిపోయే జబ్బు. ఎక్కువగా నెలలు నిండని బిడ్డలకే వస్తుంది. పుట్టిన మొదటి రోజు రాదు, బిడ్డ కుదుటపడి పాలు తాగుతూ, అంతా బాగుందనుకునే రెండో, మూడో వారంలో వస్తుంది. తల్లిదండ్రులను ఇంతగా కుంగదీసే జబ్బు ఆ వార్డులో ఇంకోటి ఉండదేమో.

ఇక్కడ జరిగేది స్పందన తక్కువ కావడం కాదు. పేగు గోడ మీద టీఎల్‌ఆర్4 అనే గ్రాహకం కొన్ని రకాల బ్యాక్టీరియా పైపొరను పసిగడుతుంది. గర్భంలో పేగు పెరగడానికి కూడా అది అవసరం కాబట్టి నెలలు నిండని పేగులో అది మరీ చురుగ్గా ఉంటుందని జంతువుల మీద చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. ఉమ్మనీరు నిండిన పేగుకు అది సరిపోయింది. అదే పేగులో బ్యాక్టీరియా చేరితే ఆ గ్రాహకం అతిగా స్పందించి వాపు తెస్తుంది. ఒకే బిడ్డలో రక్తానికి రక్షణ చాలదు, పేగులో మంట అతిగా రేగుతుంది. ఉమ్మనీటి సంచికి ఇన్‌ఫెక్షన్ సోకి ముందుగా పుట్టిన బిడ్డల్లోనూ ఇదే తంతు. పుట్టకముందే రేగిన ఆ వాపు ఊపిరితిత్తులకు, మెదడుకు హాని చేయగలదు.

తల్లిపాలు తాగిన బిడ్డల్లో నెక్ తక్కువ. తల్లిపాలు చాలనప్పుడు డబ్బా పాల కన్నా దాతల పాలు మేలు. అయితే దాతల పాలను 62.5 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు వేడిచేస్తారు కాబట్టి కణాలు చచ్చిపోతాయి, ఐజీఏ, లాక్టోఫెరిన్ కొంత పోతాయి. దాత పాలు, సొంత తల్లి పాలు సమానం కాకపోవడానికి కారణం ఇదే.

ప్రోబయోటిక్స్ విషయంలో నిపుణులు రెండుగా చీలారు. మంచి బ్యాక్టీరియాను చుక్కల రూపంలో ఇస్తే నెక్ తగ్గుతుందని చాలా పరీక్షలు కలిపి చూసిన విశ్లేషణలు సూచిస్తున్నాయి. 32 వారాల లోపు పుట్టి తల్లిపాలు తాగే బిడ్డలకు వాటిని పరిశీలించవచ్చని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ షరతులతో చెప్పింది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2021లో, అందరికీ మామూలుగా ఇవ్వడాన్ని, ముఖ్యంగా కిలో లోపు బిడ్డలకు ఇవ్వడాన్ని సమర్థించలేదు. 2023లో కిలో లోపు బరువున్న ఒక బిడ్డకు ఇచ్చిన ప్రోబయోటిక్‌లోని బ్యాక్టీరియాయే రక్తంలోకి చేరి ప్రాణం తీసిందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఇరుపక్షాలూ చూస్తున్నది ఒకే బిడ్డను. ఒకరు నెక్‌ను ముందు పెట్టి చూస్తున్నారు, ఇంకొకరు పేగు గోడ లీకవడాన్ని ముందు పెట్టి చూస్తున్నారు. పరీక్షల్లో వాడిన బ్యాక్టీరియా రకాలు కూడా ఒకటి కాదు, నాణ్యతా ఒకటి కాదు. అందుకే తేలడం లేదు.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది?

28 వారాల బిడ్డ పుట్టి 12 వారాలైంది. ఆ బిడ్డ రక్షణ వ్యవస్థ వయసు ఎంత? మూడు నెలలా, లేక అప్పుడే పుట్టిన నిండు నెలల బిడ్డంతా?

స్టాక్‌హోమ్‌లో పెట్టర్ బ్రోడిన్ బృందం 2018లో దీనికి ఒక జవాబిచ్చింది. నెలలు నిండినవారు, నిండనివారు కలిపి 100 మంది బిడ్డల రక్తాన్ని మొదటి మూడు నెలల్లో మళ్లీమళ్లీ పరీక్షించారు. పుట్టినప్పుడు రెండు గుంపుల మధ్య ఎంతో తేడా. కానీ పుట్టిన క్షణం నుంచి ఇద్దరూ ఒకే దారి పట్టారు, మూడు నెలలకు దగ్గరకొచ్చేశారు. సూక్ష్మజీవులతో పరిచయమే గడియారానికి తాళం తిప్పుతున్నట్టు. చర్మం విషయంలోనూ అంతే. కడుపులో ఉంటే రెండు నెలలు పట్టే గట్టిదనం, గాలి తగిలాక చాలా బిడ్డల్లో కొన్ని వారాల్లోనే వచ్చేస్తుంది.

దీనికి ఎదురు నిలిచే సాక్ష్యమూ ఉంది. పెద్ద సంఖ్యలో పిల్లల ఆస్పత్రి రికార్డులను చూసిన అధ్యయనాల్లో, ఎంత ముందుగా పుడితే బాల్యంలో ఇన్‌ఫెక్షన్లతో ఆస్పత్రిలో చేరే అవకాశం అంత ఎక్కువని తేలింది. ఇందులో కొంత ఊపిరితిత్తులదే తప్పు కావచ్చు. సన్నని శ్వాసనాళాలకు మామూలు వైరస్ కూడా భారమే. రక్తంలో కణాల లెక్క ఒకటైనంత మాత్రాన బిడ్డ మొత్తం ఒకటైనట్టు కాదు. రెండు గడియారాలున్నాయి అనుకోవడం సబబు. నేర్చుకునే భాగానికి పుట్టిన రోజు నుంచి, అరువు భాగానికి గర్భధారణ వారాల నుంచి.

మరి టీకా సంగతి

మొదటి ప్రశ్నకు ఇప్పుడు జవాబుంది. టీకా పాఠం చెప్పేది నేర్చుకునే భాగానికి. దాని గడియారం పుట్టిన రోజే మొదలైంది. అందుకే నెలలు నిండని బిడ్డ టీకాలకు సవరించిన వయసు (కాన్పు గడువు నుంచి లెక్కించే వయసు) చూడరు, పుట్టినరోజు నుంచే లెక్కపెడతారు. 28 వారాలకు పుట్టిన బిడ్డకు ఎనిమిది వారాలు నిండితే, కాన్పు గడువుకు ఇంకా నాలుగు వారాలున్నా టీకా సమయం వచ్చినట్టే. పైగా అరువు ముందే అయిపోతోంది కాబట్టి ఆగేకొద్దీ ఖాళీ పెరుగుతుంది. కొన్ని టీకాలకు ఈ బిడ్డల్లో యాంటీబాడీలు కాస్త తక్కువగా వచ్చినా, ఎక్కువమంది రక్షణ స్థాయికి చేరతారు.

మినహాయింపులు లేకపోలేదు. రెండు కిలోల లోపు బిడ్డకు పుట్టగానే వేసే హెపటైటిస్ బి డోసుకు స్పందన తక్కువగా ఉండవచ్చు కాబట్టి, ఆ డోసు వేసినా దాన్ని తప్పనిసరి మూడు డోసుల లెక్కలో కలపవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఇక చక్కెర తొడుగున్న బ్యాక్టీరియా విషయంలో నిండు నెలల బిడ్డలకు కూడా సుమారు రెండేళ్ల దాకా ఉత్త చక్కెరకు స్పందించడం రాదు. ఆ చక్కెరను ఒక ప్రొటీన్‌కు అతికించి తయారుచేసిన కాంజుగేట్ టీకాలే చిన్న పిల్లలకు పనిచేస్తాయి.

అరువు భాగం కోసం వేరే దారి వెతికారు, తల్లికి టీకా వేయడం. ఇక్కడ వారాల లెక్కే అంతా. బ్రిటన్ 2012లో గర్భిణులకు కోరింత దగ్గు టీకా మొదలుపెట్టినప్పుడు 28 వారాల తర్వాత వేసేది. 2016లో దాన్ని 16వ వారం నుంచే వేయొచ్చని మార్చింది. 28 వారాలు దాటాక టీకా వేసుకుని 30 వారాలకే ప్రసవిస్తే, తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారవ్వడానికి రెండు వారాలు, అవి మాయ దాటడానికి ఇంకొంత సమయం కావాలి, అంత సమయం ఉండదు. ముందే వేస్తే నెలలు నిండని బిడ్డకూ కొంత అందుతుంది.

ఆర్‌ఎస్‌వీ టీకాలో చిక్కు ఇంకో వైపు నుంచి వచ్చింది. ఒక కంపెనీ టీకా పరీక్షలో నెలలు నిండని కాన్పులు ఎక్కువ కనిపించడంతో 2022లో ఆపేశారు. ఆమోదం పొందిన ఇంకో టీకాలో తేడా స్వల్పం, గణాంకాల ప్రకారం తేల్చి చెప్పదగినది కాదు. అయినా అమెరికా జాగ్రత్తపడి 32 నుంచి 36 వారాల మధ్యే వేయమంది. బ్రిటన్ 28 వారాల నుంచి వేస్తోంది. అమెరికా పద్ధతిలో నెలలు నిండని కాన్పు భయం తక్కువ. కానీ 31 వారాలకు పుట్టే బిడ్డకు, ఎక్కువ అవసరమున్న ఆ బిడ్డకే, తల్లి నుంచి ఏమీ అందదు.

ఆ బిడ్డ కోసమే నిర్సెవిమాబ్. ఇది టీకా కాదు, తయారుచేసిన యాంటీబాడీ. నేరుగా బిడ్డకే ఇస్తారు, అంటే మాయ చేయాల్సిన పని సిరంజి చేస్తుంది. 1998లో వాడుకలోకి వచ్చిన పాలివిజుమాబ్ అనే పాత యాంటీబాడీని ఆర్‌ఎస్‌వీ కాలమంతా నెలనెలా ఇవ్వాల్సి వచ్చేది, ఎందుకంటే మామూలు ఐజీజీలాగే అదీ మూడు వారాల్లో సగమైపోతుంది. నిర్సెవిమాబ్ తోకను కొద్దిగా మార్చారు. ఎఫ్‌సీఆర్‌ఎన్, మాయలో పడవ నడిపిన అదే గ్రాహకం, ఒంట్లోని మిగతా కణాల్లో ఐజీజీని నాశనం కాకుండా కాపాడే పని కూడా చేస్తుంది. మార్చిన తోకను అది ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. సగానికి తగ్గే కాలం సుమారు 70 రోజులకు పెరిగింది, ఒక్క ఇంజెక్షన్ సీజనంతా సరిపోతుంది.

అయితే ఇంకా ఎన్‌ఐసీయూలోనే ఉన్న బిడ్డకు మొదటి టీకాలు వేసిన రోజు ఒక జాగ్రత్త తీసుకుంటారు. మరీ ముందుగా పుట్టిన బిడ్డల్లో కొందరికి టీకా తర్వాత ఊపిరి కొన్ని క్షణాలు ఆగి, గుండె వేగం తగ్గుతుంది. సాధారణంగా కాస్త తట్టినా తిరిగి వచ్చేస్తుంది. అందుకని రెండు మూడు రోజుల పాటు మానిటర్ తీగలు తీయరు. తొడలోకి వెళ్లింది అర మిల్లీలీటరు. పక్క వార్డులో మూడున్నర కిలోలతో పుట్టి, రెండు నెలలకు టీకాకు వచ్చిన బిడ్డకూ వేసేది అంతే.